పట్టిన యెలుకలును మిగిలిన యెలుకలును: సూరతు పట్టణానుభవము

1994వ సంవత్సరము ఆగస్టు మాసమున మహారాష్ట్రమందలి బీడ్ జిల్లాలో గడ్డల ప్లేగు కానవచ్చెను. మరుసటి మాసమున, తపతీనది వరదల యనంతరము, సూరతు పట్టణమున ఊపిరితిత్తుల ప్లేగు పొడసూపెను. అచ్చట సుమారు 50 మంది మరణించిరి. లక్షలకొలది జనులు పట్టణమును విడిచి రైళ్లలో నలుదిక్కులకు పోయిరి. ఊపిరితిత్తుల ప్లేగు రోగి శ్వాసనుండి యితరులకు సోకును. కావున అది తలయెత్తిన పిమ్మట నెలుకలను లెక్కించుట వలన ప్రయోజన మల్పము. ఆరోగ్యకాలముననే యీ లెక్క సాగవలెను.

చంపిన యెలుకల మొత్తమును మాత్రము నివేదికలలో చూపుట సాధారణాచారము. ఇది చాలదు. ఒక వార్డులో 200 బోనులకు 20 యెలుకలును, మరుసటి నెల 400 బోనులకు 30 యెలుకలును పడినవనుకొందము. మొత్తము పెరిగినను 100 బోనులకు లెక్క 10 నుండి 7½ కు తగ్గినది. ఈ నిష్పత్తియే పోల్చుటకు తగినది.

మిగిలిన యెలుకల నంచనా వేయుటకు రెండు మార్గములు గలవు. మొదటిది, పట్టినవానికి గుర్తుపెట్టి విడుచుట. 50 యెలుకలకు గుర్తుపెట్టి విడిచిన పిదప, రెండవమారు పట్టిన 60లో 15 గుర్తు గలవైనచో, మొత్తము సుమారు 200 అని తేలును. ప్లేగు భయమున్నచోట పట్టిన యెలుకను విడువరాదు గనుక అచ్చట రెండవ మార్గమే యనుసరణీయము. ఒకే సంఖ్యగల బోనులను, ఒకే స్థలమున, వరుసగా రెండు రాత్రులు పెట్టవలెను. తొలిరాత్రి 60, మలిరాత్రి 40 పడినచో, 60ని 60చే గుణించి, భేదమగు 20చే భాగింపగా 180 వచ్చును. పట్టినవి 100, ఇంకను మిగిలినవి 80. ఎలుకలు బోనుకు బెదరినచో మలిరాత్రి తక్కువ పడి, అంచనా నిజమునకంటె తగ్గును. కావున దీనిని కనీససంఖ్యగానే యెన్నదగును.

ఎలుకల సంఖ్యతోపాటు వాని నెత్తురు పీల్చు ఫ్లీ అను పురుగుల సంఖ్యయు నావశ్యకము. పట్టిన యెలుకలను దువ్వి, దొరకిన ప్లేగు పురుగుల మొత్తమును ఎలుకల సంఖ్యచే భాగింపవలెను. ఫలము 1కి మించెనేని యపాయసూచన. ఇండ్లలో నెలుకలు తమంతట చచ్చి పడినచో వెంటనే హెల్తు ఆఫీసరునకు తెలుపవలెను. అట్టిచోట మొదట పురుగుమందు చల్లి, తరువాతనే యెలుకలను చంపవలెను. లేనిచో చచ్చిన యెలుకను విడిచిన పురుగులు మనుష్యుల నాశ్రయించును.

చంపుట యొక్కటియే శాశ్వతోపాయము గాదు. 1940వ దశకమున అమెరికాలోని బాల్టిమోరు పట్టణమున డేవిడ్ డేవిస్ మొదలగువారు జరిపిన పరిశీలనలలో, చంపిన యెలుకల స్థానము మరల నిండుటయు, ఆహారమును దాగుచోట్లను తగ్గించినపుడే సంఖ్య నిలుకడగా తగ్గుటయు తేలినది. సూరతున 1995లో మునిసిపల్ కమిషనరుగా వచ్చిన ఎస్. ఆర్. రావు అధికారులు ప్రతిదినము వీధులలో నుండి చెత్తను తీయించునట్లు నియమించుటయు నీ న్యాయమునకు సరిపడినదే. ఎలుకల మూత్రమువలన వ్యాపించు లెప్టోస్పైరోసిస్ జ్వరము సూరతు, నవసారి, వల్సాడు ప్రాంతములలో వర్షాకాలమున వరిమళ్లలోను చెరకుతోటలలోను పనిచేయువారిని పీడించుచుండుటచే, తాలూకా అధికారులకును ఈ లెక్క యవసరమే.

కావున నెలసరి పట్టికలో పెట్టిన బోనులు, పడిన యెలుకలు, పురుగుల సగటు, తీయని చెత్తకుప్పలు అను నాలుగు గడులను వార్డువారీగా నింపవలెను. చంపిన సంఖ్య యెంత పెద్దదైనను, మిగిలిన సంఖ్య తగ్గనిదే పని జరిగినట్లు భావింపరాదు.