ఒక్క వేలితో చూపించు

రామాపురం బీచి దాకా పరుగు తీసే మన వేటపాలెం పిల్లల నోట ఈమధ్య ఒకటే మాట వింటున్నానమ్మలూ. అరికాలి ముందువైపు నొప్పి, నెల దాటినా తగ్గడం లేదని. నువ్వూ కానిస్టేబుల్ ఈవెంట్లకి తయారవుతున్నావు, 1600 మీటర్లు పరుగెత్తాలి. కాస్త నిదానంగా విను.

ముందు నొప్పి ఎక్కడుందో ఒక్క వేలితో చూపించు. పాదమంతా తడిమి "ఇక్కడంతా" అంటే ఏ డాక్టరుకైనా కష్టమే. పాదంలో 26 ఎముకలు. వేళ్ల వెనక ఐదు పొడుగాటివి ఉంటాయి, వాటి తలలు నేలకి ఆనేచోటే నీ నొప్పి. నేను ఇన్నేళ్లూ గుంటమగ్గం తొక్కాను గానీ, కూచుని తొక్కేవాడి బరువు పాదం మీద ఉండదు. పరుగులో అలా కాదు, ఒంటిబరువుకి రెండింతలకి పైగా భారం ఒక్క కాలిమీద పడుతుంది. పిక్క బిగుసుకుపోయి ఉంటే మడమ తొందరగా లేస్తుంది, ఆ భారమంతా ముందువైపే మోయాలి.

నీ వేలు మూడు, నాలుగు వేళ్ల సందులోకి వెళ్లిందా? మంట, తిమ్మిరి, బూటులో గులకరాయి ఉన్నట్టుండడం, బూటు విప్పితే హాయి... ఇవన్నీ ఉంటే అక్కడి నరాన్ని అనుమానించాలి. ఫిలడెల్ఫియాలో మోర్టన్ అనే డాక్టరు 1876లో ఈ నొప్పిని వర్ణించాడు, అందుకే మోర్టన్ న్యూరోమా అంటారు. పేరు చూసి క్యాన్సరని హడలిపోకు. నలిగి నలిగి నరం చుట్టూ పొర మందమవుతుంది, అంతే. డాక్టరు పాదాన్ని రెండు పక్కలా అదిమి, సందులో నొక్కి చూస్తాడు. ఒక్కోసారి టక్కుమంటుంది.

రెండో వేలి మొదట్లో కింద నొప్పి, ఆ వేలు పక్కకి జరుగుతోందంటే కీలు కింది పట్టీ చిరిగి ఉండొచ్చు. బొటనవేలి కిందయితే అక్కడ రెండు బుల్లి ఎముకలున్నాయి, అవి నొచ్చి ఉంటాయి.

నాకు అసలు భయం ఇంకొకటి. వేలు పాదం పైభాగాన, ఎముక మీద ఒకే చోట ఆగి, నొక్కితే ప్రాణం పోయినట్టుంటే పరుగు ఆ రోజే ఆపాలి. రోజూ పడే దెబ్బలకి ఎముకలో సన్నని బీటలు పడతాయి, ఒళ్లు వాటిని పూడ్చుకుంటూ ఉంటుంది. పూడ్చడం కంటే పగలడం ఎక్కువైతే చీలిక నిలిచిపోతుంది. ప్రష్యా సైన్యంలో బ్రైట్‌హాప్ట్ అనే డాక్టరు 1855లోనే కవాతు సిపాయిల పాదాల వాపు గురించి రాశాడు. లోపల ఎముక చిట్లిందని తెలిసింది మాత్రం ఎక్స్‌రేలు వచ్చాక, 1897లో.

ఆ ఎక్స్‌రే కూడా మొదటి రెండు మూడు వారాలు చాలామందిలో ఏమీ చూపించదు. "ఎక్స్‌రే బాగానే ఉంది" అన్నారని మర్నాడే గ్రౌండుకి పోయే పిల్లల్ని చూస్తే నా గుండె తరుక్కుపోతుంది. నొప్పి పోకపోతే మళ్లీ తీయించాలి, లేదా ఎంఆర్ఐ చేయించాలి. ఆడపిల్లవి, ఇంకో మాట కూడా అడుగుతున్నా. బరువు తగ్గాలని తిండి మానేస్తున్నావా? నెలసరి తప్పుతోందా? ఎముకలు గుల్లబారడానికి అదీ కారణమే. సిగ్గుపడకుండా డాక్టరమ్మకి చెప్పు.



చీరాలలో డాక్టరు దగ్గరికి వెళ్లేరోజు నొప్పి మాత్ర వేసుకోకు, నొక్కినచోటు సరిగ్గా తెలియదు. అరిగిపోయిన పాత బూట్లు పారేయకుండా సంచీలో పెట్టుకో. అడుగు ఏ పక్క అరిగిందో డాక్టరు చూడాలి.