గాలి వడకట్టే కాఫీ

దక్షిణ భారతదేశంలో చాలా ఇళ్ళలో ఇత్తడిదో, స్టీలుదో ఒక కాఫీ ఫిల్టరు ఉంటుంది. దాని పై గిన్నె అడుగున సన్నని రంధ్రాలుంటాయి. అందులో కాఫీ పొడి వేసి, మరిగిన నీరు పోసి, మూత పెడతారు. డికాక్షన్ బొట్టు బొట్టుగా కింది గిన్నెలోకి దిగుతుంది. నీరు పల్లమెరుగు అన్న సంగతి అందరికీ తెలిసినదే. కనుక ఇందులో ఎవరికీ వింత కనిపించదు.

కాని నీటిని పైకి ఎక్కించి, కాఫీ తయారుకాగానే మళ్ళీ కిందికి దించి, వడకట్టి ఇచ్చే పరికరం ఒకటి ఉంది. దానిలో మోటారు లేదు, పంపు లేదు, తిప్పవలసిన మర లేదు. రెండు గాజు పాత్రలు, ఒక గొట్టం, ఒక గుడ్డ, ఒక చిన్న దీపం మాత్రమే ఉంటాయి. దానిని కాఫీ సైఫన్ అంటారు. బల్ల మీద పెట్టుకొని కాఫీ కాచుకోవడానికి అది వీలుగా ఉంటుంది. అంతా గాజే కావడం వల్ల లోపల జరిగే పని కంటికి కనిపిస్తుంది. అయినా చూసినవారిలో చాలామంది, "కింది బుడ్డి కాఫీని పీల్చుకుంటోంది" అని అంటారు. ఆ బుడ్డికి పీల్చే శక్తి ఎక్కడిది? అసలు పని చేస్తున్నది ఎవరు? దీనిని తెలుసుకోవాలంటే ముందు ఆ పరికరం ఎలా ఉంటుందో చూడాలి.

సైఫన్‌లో కింద గుండ్రని గాజు బుడ్డి ఉంటుంది. అది ఒక స్టాండుకు బిగించి ఉంటుంది. పైన మరొక గాజు పాత్ర ఉంటుంది. పై పాత్ర అడుగు నుంచి ఒక గాజు గొట్టం బయలుదేరి, కింది బుడ్డిలోకి దిగి, దాదాపు అడుగు దాకా పోతుంది. రెండు పాత్రలు కలిసే చోట రబ్బరు బిరడా ఉంటుంది. అది బిగుతుగా కూర్చుంటే కింది బుడ్డిలోని గాలి గాని ఆవిరి గాని బయటికి పోలేదు. పై పాత్ర అడుగున, గొట్టం మొదట్లో, గుడ్డ చుట్టిన చిన్న బిళ్ళ ఉంటుంది. అదే వడపోత. దానికి తగిలించిన సన్నని పూసల గొలుసు గొట్టం గుండా కింది బుడ్డిలోకి వేలాడుతూ ఉంటుంది.

రెండు చిన్న కప్పుల కాఫీకి సుమారు 240 మిల్లీలీటర్ల నీరు, 15 నుంచి 20 గ్రాముల కాఫీ పొడి సరిపోతాయి. పొడి మరీ మెత్తగా ఉంటే గుడ్డ పూడుకొనిపోతుంది. మరీ బరకగా ఉంటే సారం దిగదు. కనుక మధ్యరకంగా విసరాలి. గింజల కోసం దూరం పోనక్కరలేదు. భారతదేశంలో పండే కాఫీలో అధిక భాగం కర్ణాటకలోనే పండుతుంది. ఆంధ్రప్రదేశ్‌లోని అరకు లోయలో గిరిజన రైతులు కాఫీ పండిస్తున్నారు.

నీరు కింది బుడ్డిలో పోసి, బుడ్డి వెలుపలి తడిని శుభ్రంగా తుడిచి, కింద స్పిరిటు దీపం వెలిగిస్తారు. పై పాత్రను మొదట బిగించరు. గొలుసు నీటిలో వేలాడేటట్లు పక్కకు వాల్చి ఉంచుతారు. నీరు మరిగే సమయానికి గొలుసు పూసల నుంచి బుడగలు వరుసగా లేస్తాయి. ఈ గొలుసు వల్ల మరొక లాభం కూడా ఉంది. బుడగలు దాని మీద చిన్నవిగా పుట్టి నెమ్మదిగా లేస్తాయి కనుక నీరు ఒక్కసారిగా ఎగసిపడదు. బుడగలు కనిపించగానే పై పాత్రను నిటారుగా నిలిపి బిగిస్తారు. అప్పుడే అసలు కథ మొదలవుతుంది.

కింది బుడ్డిలో నీటి పైన కొంత ఖాళీ ఉంటుంది. అక్కడ గాలి, నీటి ఆవిరి ఉంటాయి. వేడికి ఆవిరి పెరుగుతూ ఉంటుంది. బయటికి పోయే దారి లేక అది నీటి ఉపరితలాన్ని కిందికి నొక్కుతుంది. నొక్కుడు పడిన నీటికి ఉన్న దారి గొట్టం ఒక్కటే. అందువలన నీరు గొట్టం గుండా పై పాత్రలోకి ఎక్కుతుంది. ఇందుకు చాలా బలం కావాలేమో అనిపిస్తుంది. లెక్క వేస్తే అంత అవసరం లేదని తేలుతుంది. భూమి మీది గాలి పీడనం సుమారు 10 మీటర్ల ఎత్తు నీటిని నిలబెట్టగలదు. సైఫన్‌లో నీరు ఎక్కవలసిన ఎత్తు 20 సెంటీమీటర్లు అనుకుందాం. అంటే బుడ్డి లోపలి పీడనం బయటి గాలి పీడనం కంటె యాభయ్యో వంతు ఎక్కువైతే చాలు.

నీరంతా పైకి పోదు. గొట్టం కొనకు దిగువన ఉన్న కొద్ది నీరు బుడ్డిలోనే మిగులుతుంది. అది మరుగుతూ ఆవిరిని ఇస్తూనే ఉంటుంది. ఆ ఆవిరి పై నీటిని కిందికి దిగనీయకుండా మోస్తుంది. ఇప్పుడు పై పాత్రలో పొడి వేసి, వెదురు పుల్లతో నెమ్మదిగా కలిపి, సుమారు ఒక నిమిషం ఉంచుతారు. ఆ తరువాత మరొకసారి కలిపి, దీపం తీసివేస్తారు.

కొద్దిసేపు ఏమీ జరగనట్లే ఉంటుంది. అంతలో కాఫీ గుడ్డ గుండా వడివడిగా కింది బుడ్డిలోకి దిగిపోతుంది. పిప్పి పైనే చిన్న గుట్టగా మిగులుతుంది. చివర గొట్టం నుంచి గాలి బుడగలు గలగలమంటూ వస్తాయి. బుడ్డి కాఫీని పీల్చుకుందని చూసేవారు అనుకునేది ఇక్కడే.

నిజంగా జరిగినది వేరు. దీపం తీయగానే బుడ్డి చల్లబడుతుంది. లోపలి ఆవిరి తిరిగి నీరవుతుంది. ఒక చెంచా నీరు మరిగి ఆవిరైతే 1,600 చెంచాలకు పైగా చోటు ఆక్రమిస్తుంది. ఆ ఆవిరి తిరిగి నీరైతే మళ్ళీ ఒక్క చెంచా చోటులోనే ఇముడుతుంది. అందువలన బుడ్డిలో పీడనం ఒక్కసారిగా తగ్గిపోతుంది. కాని పై పాత్ర మీద బయటి గాలి పీడనం ఎప్పటిలాగానే ఉంది. లోపల ఎదురు నిలిచే బలం తగ్గడంతో ఆ గాలే కాఫీని గుడ్డ గుండా కిందికి నెడుతుంది. కాఫీ తన బరువుతో కూడా దిగగలదు. అయితే ఇంత వడిగా దిగడానికి గాలి నెట్టుడే ముఖ్య కారణం. బుడ్డి పీల్చలేదు, గాలి తోసింది.

ఈ తేడా మాటల్లోనే ఉందని అనుకోరాదు. ఒకప్పుడు పండితులు సైతం, ప్రకృతికి శూన్యమంటే గిట్టదని, అందుకే పంపులో నీరు పైకి వస్తుందని నమ్మేవారు. అదే నిజమైతే ఎంత లోతు నుంచైనా నీరు రావాలి. కాని పీల్చే పంపులు సుమారు 10 మీటర్లకు మించి నీటిని ఎత్తలేవని 17వ శతాబ్దంలో ఇటలీ దేశస్థులు గమనించారు. 1643లో టోరిసెల్లీ అనే శాస్త్రజ్ఞుడు పాదరసం నింపిన గాజు గొట్టంతో ప్రయోగం చేయించాడు. గొట్టాన్ని పాదరసపు తొట్టిలో తలకిందులుగా నిలిపితే పాదరసం సుమారు 76 సెంటీమీటర్ల ఎత్తున నిలిచింది. పాదరసం నీటికంటె 13.6 రెట్లు బరువు. కనుక 76 సెంటీమీటర్ల పాదరసం బరువు 10 మీటర్లకు కొంచెం మించిన నీటి బరువుకు సమానం. నీటిని నిలబెట్టినదీ, పాదరసాన్ని నిలబెట్టినదీ బయటి గాలేనని అలా తేలింది. తప్పు కారణం నమ్మినంత కాలం పంపు ఎందుకు ఆగిపోతుందో ఎవరికీ బోధపడలేదు. సరైన కారణం తెలిశాక ఎంత లోతు వరకు అది పనిచేస్తుందో ముందే చెప్పగలిగారు.

గాజు కాఫీ పరికరం 1830 దశకంలో జర్మనీలోని బెర్లిన్‌లో మొదట కనిపించింది. తరువాతి దశకంలో ఫ్రాన్సులోని లియాన్ నగరానికి చెందిన శ్రీమతి వాస్యూ దానిని మెరుగుపరచి పేటెంటు పొందింది. ఆ రోజుల్లో గాజు వేడికి తరచు పగిలేది. వేడికి తక్కువగా వ్యాకోచించే బోరోసిలికేట్ గాజు వచ్చాక ఆ బెడద తగ్గింది. ఈ గాజు మామూలు గాజులో మూడో వంతు మాత్రమే వ్యాకోచిస్తుంది. జపానులో 1921లో ప్రయోగశాలలకు గాజు సామాను చేయడానికి మొదలైన హారియో సంస్థ 1949లో కాఫీ సైఫన్‌ను తయారుచేసింది. ఆ దేశపు కాఫీ దుకాణాలలో ఈ పద్ధతికి నేటికీ ఆదరణ ఉంది.

ఇది అందమైన పరికరమే కాని ఆటవస్తువు కాదు. పిల్లలు పెద్దలు దగ్గర లేనిదే దీనిని ముట్టరాదు. ఖాళీ బుడ్డిని వేడి చేయరాదు. కాలిన గాజు మీద చన్నీళ్ళు పోయరాదు. బీటలున్న పాత్రను వాడరాదు. నీరు పైకి ఎక్కి ఉన్నప్పుడు పై పాత్రను ఊడదీయరాదు. దీపం మండుతుండగా అందులో స్పిరిటు పోయరాదు. వడపోత గుడ్డను వాడిన వెంటనే మంచినీటితో కడగాలి. సబ్బు వాసన గుడ్డకు పడితే మరునాటి కాఫీకీ అంటుకుంటుంది.

సైఫన్ లేని ఇంట్లో కూడా గాలి చేసే పనిని చూడవచ్చు. కొబ్బరిబోండంలో గొట్టం పెట్టి నీరు తాగేటప్పుడు, నోటిలోని పీడనం తగ్గుతుంది, బోండంలోని నీటిని బయటి గాలి పైకి నెడుతుంది. ఇంటి ఫిల్టరులో కూడా ఒక్కొక్కసారి డికాక్షన్ దిగడం ఆగిపోతుంది. పొడి బిగిసిపోయిందని అనుకొని పెద్దలు ఫిల్టరును తట్టడం కద్దు. అయితే రెండు గిన్నెలూ మరీ బిగుతుగా కూర్చున్నా ఇలా జరుగుతుంది. పై గిన్నెను ఒక్క క్షణం కొద్దిగా ఎత్తి పెడితే బొట్లు మళ్ళీ మొదలవుతాయి. కింది గిన్నెలో చిక్కుకొని, డికాక్షన్‌కు చోటు ఇవ్వక అడ్డుపడిన దానికి అప్పుడు బయటికి దారి దొరుకుతుంది. అదేమిటో ఈ పాఠం చదివిన వారు ఇట్టే చెప్పగలరు.