1200 డబ్బా, 1900 పళ్ళెం

డబ్బా మూత మీద చిన్న చీటీ అంటించి ఉండేది. టిఫిన్ 290, మధ్యాహ్నం 410, సాయంత్రం 150, రాత్రి 350. కూడితే రోజుకు 1200 కేలరీలు. బెంగళూరులో మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గరికి పొద్దున ఏడింటికల్లా నాలుగు డబ్బాలూ వచ్చేసేవి. రోజుకు 420 రూపాయలు. నెలకు నాలుగు కిలోలు తగ్గుతారని ఆ డైట్ డబ్బాలు పంపేవాళ్ళు చెప్పారు. పాప పుట్టిన పదో వారంలో మొదలుపెట్టి మూడు వారాలు తిన్నాను. 8,820 రూపాయలు కట్టాను. 65 కిలోల నుంచి 62.7కు దిగాను.

దాదాపు చెప్పినంత పనీ చేశారు. కానీ ఆ మూడు వారాల్లో రాత్రి పాలివ్వడానికి లేస్తే కళ్ళు తిరిగేవి. తొలి మూడు నెలల్లో పసిబిడ్డ రోజుకు సుమారు 25 నుంచి 30 గ్రాములు పెరగాలి. మూడు వారాలకు అర కిలో దాటాలి. మా పాప 300 గ్రాములే పెరిగింది. డబ్బా వల్లేనని తేల్చి చెప్పడానికి నా దగ్గర రుజువు లేదు. పిల్లల డాక్టరు మాత్రం మొదట అడిగింది, ‘మీరేం తింటున్నారు?’ అని. చీటీలు చూపించాను. ఆ రోజే మానేయమన్నారు.

ఆ తర్వాత పుట్టింటికి వెళ్ళాను. మాది కడప జిల్లా వేముల మండలంలోని తుమ్మలపల్లె. 2012లో మొదలైన యురేనియం కర్మాగారం వల్ల బయటివాళ్ళకు ఆ పేరు తెలుసు. మాకు తెలిసింది అరటి తోటలు, చీనీ చెట్లు, చెనిక్కాయ చేలు. డైట్ డబ్బాలు మోసుకొచ్చే బండి ఆ ఊరికి రాదు. నా లెక్క సరిపడింది అక్కడే, అమ్మ వంటింట్లో, పులివెందులలో కొన్న చిన్న డిజిటల్ కాటా మీద. ఆ లెక్కంతా ఇక్కడ పెడుతున్నాను.

కాన్పు బరువు అంటాం కానీ అది ఒక్క ముద్ద కాదు. ప్రసూతి శాస్త్ర పుస్తకాల్లో హైటెన్ పేరుతో ఒక పాత పట్టిక ఉంటుంది. దాని ప్రకారం నెలలు నిండేసరికి తల్లి పెరిగే బరువు 12.5 కిలోలు. అందులో బిడ్డ 3.4, మాయ 0.65, ఉమ్మనీరు 0.8, పెరిగిన గర్భసంచి దాదాపు 1, అదనపు రక్తం 1.45, ఒంట్లో చేరిన నీరు సుమారు 1.5, రొమ్ముల బరువు 0.4. మిగిలిన 3.35 కిలోలే కొవ్వు. బిడ్డ, మాయ, ఉమ్మనీరు కాన్పు రోజే పోతాయి, అంటే దాదాపు 5 కిలోలు. గర్భసంచి ఆరు వారాల్లో ముడుచుకుని వంద గ్రాముల లోపుకు వస్తుంది. నీరు, రక్తం వాటంతట అవే సర్దుకుంటాయి. 12.5 కిలోలు పెరిగిన తల్లి తిండితో తగ్గించుకోవలసింది ఆ 3.35 మాత్రమే. ఆరు వారాలు నిండకముందే కాటా ఎక్కి దిగులుపడే చెల్లెళ్ళకు ఈ పట్టిక చూపించాలని ఉంటుంది నాకు.

నేను 15 కిలోలు పెరిగాను. గర్భం రాకముందు 58, కాన్పు రోజు 73, ఆరు వారాలకు 65. నా ఎత్తు 158 సెంటీమీటర్లు. 65 కిలోలంటే బీఎంఐ 26. మన దేశంలో వైద్యులు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం అంటున్నారు. కాబట్టి తగ్గాలనుకోవడంలో తప్పేమీ లేదు. ‘పిల్లతల్లికి అందం ఎందుకు’ అనేవాళ్ళ మాట పట్టించుకోనక్కర్లేదు. చక్కెర జబ్బు, బీపీ ముంగిట్లో ఉన్న ఇళ్ళు మనవి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్ళలో 36.3 శాతం మంది బీఎంఐ 25 లేదా అంతకు మించి ఉంది. దేశం మొత్తం మీద అది 24 శాతమే.

ఇక అసలు లెక్క. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన ప్రమాణాల ప్రకారం, 55 కిలోల బరువుండి కూర్చుని పనిచేసే స్త్రీకి రోజుకు 1660 కేలరీలు కావాలి. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలూ దాని మీద మరో 600, ఆ తర్వాతి ఆరు నెలలు 520. అంటే నాకు కావలసింది 2260. నేను తిన్నది 1200. రోజుకు 1060 కేలరీల లోటు. ఒక కిలో ఒంటి కొవ్వు కరగాలంటే సుమారు 7700 కేలరీల లోటు పడాలి. ముప్పై రోజుల లోటును 7700తో భాగిస్తే 4.1 వస్తుంది. నెలకు నాలుగు కిలోలన్న మాట ఈ లెక్కకు సరిపోతుంది. కూడికలూ భాగహారాలూ సరిగ్గానే ఉన్నాయి. ఆ డబ్బాలో మా పాప వాటా ఒక్కటే లేదు. పాలివ్వని, బిడ్డ లేని మనిషికి కట్టిన డబ్బానే నాకూ కట్టి పంపారు.

600 ఎక్కడికి పోతాయి? తల్లి రోజుకు 750 మిల్లీలీటర్ల వరకూ పాలిస్తుంది. ఆ పాలలోనే దాదాపు 500 కేలరీలు ఉంటాయి. వాటిని తయారుచేయడానికి ఒంటికి మరికొంత ఖర్చు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2004లో వేసిన నివేదికలో ఈ మొత్తం ఖర్చు 675 కేలరీలు. అందులో 170 తల్లి ఒంట్లో నిలవ ఉన్న కొవ్వు నుంచి వస్తుంది, 505 తిండి నుంచి రావాలి. బాగా తినే తల్లులు మొదటి ఆరు నెలల్లో నెలకు సగటున 0.8 కిలోలు తగ్గుతారని కూడా ఆ నివేదికలోనే ఉంది. ఆరు నెలలకు 4.8 కిలోలు. ఏ డబ్బా లేకుండా, పాలివ్వడం వల్లే. తిండి చాలని తల్లుల్లో మాత్రం ఆ తగ్గుదల నెలకు 0.1 కిలోనే. వాళ్ళ ఒంట్లో కరగడానికి నిలవ ఏదీ ఉండదు.

మరి ఇంకాస్త వేగంగా తగ్గకూడదా? తగ్గవచ్చు. అమెరికాలోని నార్త్ కరోలినాలో అధిక బరువున్న 40 మంది పాలిచ్చే తల్లులతో చేసిన ప్రయోగం 2000లో అచ్చయింది. కాన్పయిన నాలుగో వారం నుంచి పద్నాలుగో వారం దాకా సగం మంది రోజుకు 500 కేలరీలు తగ్గించి తిన్నారు, వారానికి నాలుగు రోజులు వ్యాయామం చేశారు. వాళ్ళు 4.8 కిలోలు తగ్గారు. ఏమీ మార్చని మిగతా సగం తగ్గింది 0.8 కిలో. రెండు గుంపుల బిడ్డలూ ఒకేలా పెరిగారు. కాబట్టి హద్దు వారానికి అర కిలో, లోటు 500. నా డబ్బా దానికి రెట్టింపు లోటు పెట్టింది. పైగా అక్కడి తల్లులు ముందే పుష్టిగా ఉన్నవాళ్ళు. పైన చెప్పిన 2019–21 సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. నూటికి 42 కాన్పులు సిజేరియన్లు. రక్తం తక్కువై, కుట్లు పడ్డ ఒంటికి 500 కూడా ఎక్కువేనని నా అభిప్రాయం. నేను 360 దగ్గర ఆగాను. 2260లో 360 తీస్తే 1900.

అమ్మ మొదట ఒప్పుకోలేదు. ‘పాలిచ్చే దానివి, కాటాలో తూచుకుని తింటే ఎట్ల పాపా?’ అంది. ఆమె పెట్టే బాలింత పథ్యం ఎట్లుంటుందో రాయలసీమ వాళ్ళకు చెప్పనక్కర్లేదు. వేడన్నం, వెల్లుల్లి కారం, దాని మీద నెయ్యి. నెయ్యిని తూచి చూశాం. పూటకు నాలుగు చెంచాలు, రెండు పూటలకు ఎనిమిది. చెంచాకు 45 కేలరీల చొప్పున 360. నేను రోజంతా తగ్గించాలనుకున్నది సరిగ్గా అంతే. ఆ అంకె చూశాక అమ్మ మారు మాట్లాడలేదు. రెండు చెంచాలకు ఒప్పందం కుదిరింది. అవి వంట నూనెలో తగ్గించుకున్నాం.

మిగతా పళ్ళెం ఇదీ. తెల్లవారి 30 గ్రాముల రాగిపిండి, 150 మిల్లీలీటర్ల ఆవుపాలతో జావ, 206. టిఫిన్‌కు 50 గ్రాముల బొరుగులతో ఉగ్గాని, పప్పుల పొడి, పక్కన ఒక గుడ్డు, 395. మధ్యాహ్నం 60 గ్రాముల రాగిపిండి, 30 గ్రాముల బియ్యం కలిపి గెలికిన సంగటి ముద్ద, ఆకుకూర పప్పు, గ్లాసు మజ్జిగ, 537. సాయంత్రం గుప్పెడు ఉడకబెట్టిన చెనిక్కాయలు, మా తోట అరటిపండు, 256. రాత్రి రెండు జొన్న రొట్టెలు, ఉలవల కూర, పెరుగు, 504. మొత్తం 1898.

కేలరీలు తగ్గినా ప్రొటీన్ తగ్గకూడదు. పాలిచ్చే తల్లికి మామూలు 45.7 గ్రాముల మీద మరో 16.9, అంటే 62.6 గ్రాములు కావాలి. ఈ పళ్ళెంలో దాదాపు 65 ఉన్నాయి. ఎక్కువ భాగం పప్పు, ఉలవలు, చెనిక్కాయలు, గుడ్డు నుంచే. వంద గ్రాముల ఉలవల్లో 21 గ్రాములకు పైగా ప్రొటీన్ ఉంటుంది. కాల్షియం రోజుకు 1200 మిల్లీగ్రాములు కావాలి. వంద గ్రాముల రాగుల్లో 364 ఉంటుంది, అంతే బియ్యంలో పది కూడా ఉండదు. ఎండలు మండే మా నేలలో వాన చాలకపోయినా పండే పంటలే పాలిచ్చే తల్లికి కావలసినవి కావడం నన్ను కదిలించింది. డబ్బాలో ఇవేవీ రాలేదు. సలాడ్ ఆకులు, పనీర్ ముక్కలు, ఓట్స్ వచ్చేవి.

నీళ్ళ సంగతి కూడా చెప్పాలి. బాలింతకు నీళ్ళు తక్కువ ఇవ్వాలన్న పట్టింపు మా వైపు ఇంకా ఉంది. తల్లిపాలలో 87 శాతం నీరే. 750 మిల్లీలీటర్ల పాలంటే 650 మిల్లీలీటర్ల నీళ్ళు. దాహం వేసినప్పుడల్లా తాగాలి. ఈ పట్టింపును వదిలేయాల్సిందే.

నా సెలవు ముగిసేనాటికి పాపకు 24 వారాలు. పుట్టింట్లో 70 రోజులు ఉన్నాను. 360 లోటుతో కిలో తగ్గడానికి 21 రోజులు పట్టాలి, లెక్క ప్రకారం 3.3 కిలోలు. తగ్గింది 2.8. ఊరికి వచ్చిన కొత్తలో 63.2కు పెరిగినదాన్ని, తిరిగి వెళ్ళేటప్పుడు 60.4 ఉన్నాను. నెలకు 1.2 కిలోలు. డబ్బా వేగంలో మూడో వంతు. పాప వెనకబడ్డ గ్రాములు అందుకుంది. పొట్ట మాత్రం ఇంకా ఉంది. అది కొవ్వు కాదు, కడుపు కండరాలు మధ్యలో విడిపోవడమని డాక్టరు చూసి చెప్పారు. దానికి వ్యాయామం కావాలి, తిండి తగ్గిస్తే పోదు. తినేది తగ్గినా బరువు కదలకపోతే, విపరీతమైన నీరసం, జుట్టు రాలడం ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. కాన్పు తర్వాత థైరాయిడ్ అదుపు తప్పడం అరుదేమీ కాదు.

ఇంటికి చేరే తిండి అన్న ఆలోచన పల్లెకు కొత్త కాదని అంగన్‌వాడీకి వెళ్ళాక అర్థమైంది. 2013 జాతీయ ఆహార భద్రత చట్టం ప్రకారం గర్భిణికీ, కాన్పయిన ఆరు నెలల వరకూ తల్లికీ ఉచితంగా పోషకాహారం అందాలి. చట్టం వచ్చినప్పుడు అందులో పెట్టిన కొలత రోజుకు 600 కేలరీలు, 18 నుంచి 20 గ్రాముల ప్రొటీన్. పాలకు ఖర్చయ్యే ఆ 600తో సరిపోయే అంకె అది. దీంతోపాటు కాన్పు తర్వాత 180 రోజులు వేసుకోవలసిన ఐరన్ మాత్రలు కూడా ఉచితమే. లావుగా ఉన్న తల్లికి ఆ సరుకు ఎందుకని మా వీధిలోనే ఒకరిద్దరు అన్నారు. ఆమె కూడా తీసుకోవాలి. తగ్గించుకోవలసింది తెల్లన్నం, నూనె, చక్కెర. గుడ్డు, పప్పు, పాలు కావు. పైన చెప్పిన సర్వేలోనే మన రాష్ట్రంలో 14.8 శాతం మంది ఆడవాళ్ళు ఉండవలసినదానికన్నా సన్నగా ఉన్నారు. వాళ్ళు బరువు తగ్గే మాటే తలపెట్టకూడదు. ఒకే కొలత డబ్బా ఈ ఇద్దరికీ సరిపోదు.

మొదటి కాన్పుకు కేంద్రం మాతృ వందన పథకం కింద ఇచ్చేది మొత్తం 5,000 రూపాయలు. నేను డబ్బాలకు మూడు వారాల్లో పోసింది అంతకంటే ఎక్కువ. ఆ డబ్బుతో నాకు నిజంగా దక్కింది ఒక్కటే, మూత మీద అంకె రాసిన చీటీ. తినే ప్రతిదానికీ ఒక కొలత ఉంటుందని అది నేర్పింది. ఆ కొలత ఇంట్లో కాటా మీద కూడా దొరుకుతుంది.

డబ్బాలే కావాలనుకునే తల్లులూ ఉంటారు. వండిపెట్టే అమ్మ దగ్గర లేక, ఒంటరిగా పసిబిడ్డతో ఉన్నవాళ్ళను నేను తప్పుపట్టను. డబ్బు కట్టే ముందు మాత్రం డబ్బాలు పంపేవాళ్ళను ఒక్క మాట అడగండి: నేను పాలిస్తున్నాను, నా 600 ఎక్కడ కలిపారు?