మెత్తని ఊలుతో చిన్న కానుకలు: సెలవుల్లో నేర్చుకోదగిన చేతిపని

పరీక్షలు ముగిసి సెలవులు రాగానే పిల్లలకు కాలక్షేపం ఏమిటన్న ప్రశ్న ప్రతి ఇంట్లోనూ వస్తుంది. రెండు సూదులు, ఒక ఊలు ఉండ ఉంటే ఇంట్లో కూర్చునే నేర్చుకోగల పని ఊలు అల్లిక. అయితే మనలో చాలామంది ఉండేది చెన్నై, బరంపురం, యానాం వంటి వేడి ఊళ్లలో. అక్కడ స్వెట్టరు అల్లినా వేసుకునే రోజులు తక్కువ. అందుచేత బుక్‌మార్కు, సెల్‌ఫోన్ సంచి, హెయిర్ బ్యాండ్, పసిపాప టోపీ వంటి చిన్న వస్తువులతో మొదలుపెట్టడం మేలు. ఖర్చు తక్కువ, పని త్వరగా పూర్తవుతుంది, ఇచ్చేందుకు మంచి కానుక అవుతుంది. ఇది ఆడపిల్లల పని అనుకోనక్కరలేదు, మగపిల్లలకూ నేర్పవచ్చు.

ఊలు ఎంపిక:
దుకాణాల్లో ‘ఊలు’ పేరుతో అమ్మేదంతా గొర్రె బొచ్చు కాదు. అందులో చాలావరకు యాక్రిలిక్ దారమే. కొనేముందు లేబుల్ చదవండి. యాక్రిలిక్ చౌక, ఉతకడం సులువు, కానీ వేడి ఇస్త్రీపెట్టె తగిలితే పాడవుతుంది. అసలు ఊలును వేడినీళ్లలో నలిపితే ముడుచుకుపోతుంది. చల్లని నీటిలో మెల్లగా పిండి, నీడలో పరచి ఆరబెట్టాలి. ఊలులోనూ రకాలున్నాయి. మెరినో గొర్రె ఊలు పోగు సుమారు 24 మైక్రాన్లలోపు సన్నగా ఉంటుంది. 30 మైక్రాన్లు దాటిన పోగులు ఒంటికి గుచ్చుకుంటాయి. మన దక్కను గొర్రెల బొచ్చు గొంగళికి దిట్టమే గాని, పసిపాప తలకు పనికిరాదు. ఉండను మెడకు ఆనించి చూస్తే మెత్తదనం తెలిసిపోతుంది.

సూదులు, కుట్లు:
మన దుకాణాల్లో సూదులకు పాత బ్రిటిష్ నంబర్లు వాడతారు. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. 8వ నంబరు అంటే 4 మి.మీ., 10వ నంబరు అంటే 3.25 మి.మీ. అమెరికా నంబర్లు ఇందుకు తలకిందులు. అక్కడ 8 అంటే 5 మి.మీ. కాబట్టి విదేశీ నమూనాలు చూసి అల్లేవారు నంబరు కాక మిల్లీమీటర్లు చూసుకోవాలి.

నేర్చుకోవలసిన ముఖ్యమైన కుట్లు రెండే: సీదా, ఉల్టా. అన్ని వరుసలూ సీదా అల్లితే అంచులు చుట్టుకుపోవు. మొదటి బుక్‌మార్కుకు ఇదే తగినది. రెండు సీదా, రెండు ఉల్టా చొప్పున అల్లితే పట్టీ సాగుతుంది. టోపీ అంచుకు ఇది వాడతారు.

ముందు లెక్క, తర్వాత అల్లిక:
ఒకే ఊలు, ఒకే సూదులు వాడినా ఒకరి చేయి బిగువు, ఒకరి చేయి వదులు. అందుకే ముందుగా సుమారు 12 సెం.మీ. చదరం ముక్క అల్లి, మధ్యలో 10 సెం.మీ.కు ఎన్ని కుట్లు వచ్చాయో లెక్కించాలి. నెలలు నిండి పుట్టిన శిశువు తల చుట్టుకొలత దాదాపు 35 సెం.మీ. టోపీ సాగుతుంది గనుక 32 సెం.మీ.కు అల్లితే సరిపోతుంది. మీ ముక్కలో 10 సెం.మీ.కు 22 కుట్లు వస్తే, 2.2ను 32తో హెచ్చించి 70 కుట్లు ఎక్కించాలి. అదే 70 కుట్లను 18 కుట్లు వచ్చే వదులు చేతితో అల్లితే టోపీ 39 సెం.మీ. అవుతుంది. పాప కళ్లమీదికి జారుతుంది.

పసిపిల్లల విషయంలో జాగ్రత్తలు:
పూసలు, గుండీలు, మెడకు చుట్టుకునే పొడవాటి తాళ్లు పెట్టవద్దు. మేజోళ్లు, చేతి తొడుగులు అల్లితే లోపలివైపు తిప్పి చూసి, వేలాడే పోగులు కత్తిరించండి. పోగు వేలికి చుట్టుకుంటే రక్తం ఆడదు. ఇంట్లో పడుకోబెట్టేటప్పుడు టోపీ తీసేయాలి. నెలలు నిండకుండా పుట్టిన శిశువులకు మాత్రం డాక్టరు చెప్పినట్లు చేయాలి.

వెల కట్టడం:
కొందరు పిల్లలు తాము అల్లినవి అమ్మి పుస్తకాల ఖర్చుకు వాడుకుందామనుకుంటారు. మంచిదే. ఇక్కడ గోదావరి డెల్టాలోని నరసాపురం లేసు కథ తెలుసుకోవాలి. అది ఊలు కాదు, నూలు దారంతో ఒకే కొక్కెం సూదితో అల్లేది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు లభించింది. కానీ ఆ లేసు అల్లే స్త్రీలపై మరియా మీస్ 1982లో ప్రచురించిన పుస్తకం ఒక చేదు నిజం చెప్పింది. గంటల తరబడి సాగే వారి శ్రమను ‘తీరిక వేళ పని’గా లెక్కగట్టడంతో వారికి దక్కింది అతి స్వల్పం.

ఆ పొరపాటు మన పిల్లలు చేయకూడదు. ఉదాహరణకు 50 గ్రాముల ఉండ 80 రూపాయలు, టోపీకి పట్టేది 30 గ్రాములు అనుకుందాం. ఊలు ఖర్చు 48 రూపాయలు. నాలుగు గంటల పనికి గంటకు 40 చొప్పున 160. మొత్తం 208 రూపాయలు. దానిని 60 రూపాయలకు ఇచ్చేస్తే నాలుగు గంటల శ్రమకు మిగిలేది 12 రూపాయలే. ప్రేమతో ఉచితంగా ఇస్తే అది కానుక, అమ్మితే మాత్రం శ్రమకు విలువ ఉండాలి. తల్లిదండ్రులు కూడా ‘ఖాళీగా ఉన్నప్పుడు అల్లిందేగా’ అనకుండా ఉంటే మంచిది.

ఈ సెలవుల్లో 8వ నంబరు సూదులతో, 12 కుట్లతో ఒక బుక్‌మార్కు మొదలుపెట్టండి. ఒక నోటుపుస్తకంలో ఎంత ఊలు పట్టిందో, ఎన్ని గంటలు పట్టిందో తప్పక రాసుకోండి. రెండో వస్తువుకు ఆ లెక్కే మీకు దారి చూపుతుంది.