బంగారు రంగు డ్రిల్ బిట్టు: ఎవరికి గిట్టును?



ట్రాలీకి పట్టీ బిగింపవలెనన్నను, విరిగిన బోల్టును తీయవలెనన్నను డ్రిల్లు అవసరమగును. బిట్టు కొనబోయినపుడు అంగడిలో నల్లనిది ఒకటి, బంగారు రంగుది ఒకటి చూపుదురు. రెండవదానికి ధర హెచ్చు. ఆ హెచ్చు ధర పెట్టుటకు ముందు ఈ సంగతులు తెలిసికొనుడు.

పూత అనగా నేమి?

మంచి బిట్టుపై కనబడు ఆ పసుపు బ్రష్షుతో పూసిన రంగు కాదు. అది టైటానియం నైట్రైడు అను పింగాణి జాతి పదార్థము. గాలి తీసివేసిన గదిలో టైటానియం లోహమును ఆవిరి చేసి, నత్రజనితో కలిపి, బిట్టుపై పట్టింతురు. 1980 ప్రాంతమున ఈ పద్ధతి వాడుకలోనికి వచ్చినది. పూత మందము 2 నుండి 4 మైక్రాన్లు. అనగా తల వెండ్రుకలో సుమారు ఇరువదవ వంతు. అయినను బిట్టు ఉక్కుకంటె రెండు రెట్లకు పైగా గట్టిది. అందుచే మొన త్వరగా అరగదు, ఇనుప పొట్టు అతుకుకొనదు.

కొడవలికి, కర్రుకు వేయింపవచ్చునా?

వలదు. పూత వేయునపుడు పనిముట్టు సుమారు 450 డిగ్రీల సెంటిగ్రేడు వరకు వేడెక్కును. హైస్పీడు ఉక్కు దీనిని తట్టుకొనును. కమ్మరి చేసిన కొడవలి ఉక్కు మాత్రము ఆ వేడికి మెత్తబడును. మెత్తని ఉక్కుపై గట్టి పూత, బురదపై ఎండిన పొర వలె, ఒత్తిడి తగులగనే పగులును. నాగలి కర్రుపైనను, రోటవేటరు బ్లేళ్ళపైనను ఇంత పలుచని పూత ఇసుక, రాళ్ళ రాపిడికి నిలువదు. వానికి హార్డ్‌ఫేసింగు వెల్డింగు చేయించుట మేలు. ఆ పొర మిల్లీమీటర్ల మందముండును.

గుర్తుంచుకొనవలసినవి

1. రంగు చూచి మోసపోకుడు. కాడపై హెచ్.ఎస్.ఎస్. అను గుర్తు ఉన్నదో లేదో చూడుడు. అడుగు ఉక్కు నాసిదైనచో పూత ఉండియు ప్రయోజనము లేదు.

2. ఉక్కును తొలుచునపుడు వేగము తగ్గించి, నూనె చుక్కలు వేయుచుండుడు.

3. సాన పట్టినచో మొనపై పూత పోవును. పొట్టు జారు గాళ్ళలో పూత మిగిలియుండును గనుక బిట్టును పారవేయవద్దు.

4. ఏడాదికి నాలుగైదు రంధ్రములు చేయువారికి పూత లేని మంచి హైస్పీడు బిట్టు చాలును. తరచుగా ఇనుము తొలుచువారికే పసుపు బిట్టు గిట్టును.