గుర్తింపు పత్రంలో చిప్: అమెరికా వలస నియంత్రణ చర్చ

అమెరికాలో ప్రభుత్వ గుర్తింపు పత్రాలపై సాగుతున్న చర్చలో 'చిప్' అనే ఒక్క మాట భిన్న సాంకేతికతలను సూచిస్తుంది. వాటి మధ్య భేదాన్ని వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

2005 నాటి రియల్ ఐడీ చట్టం డ్రైవింగ్ లైసెన్సును యంత్రం చదవగలిగేలా ఉండాలన్నది. 2008 నిబంధనలు అందుకు బార్‌కోడునే ఎంచుకున్నాయి. 2006 నుంచి జారీ అవుతున్న ఈ-పాస్‌పోర్టు చిప్‌లో పేరు, ఫోటో ఉంటాయి. లోపలి పుటలోని అక్షరాలను యంత్రం ముందుగా చదివితేనే, అదీ కొన్ని సెంటీమీటర్ల దూరంలోనే, అవి వెల్లడవుతాయి. 2008లో వచ్చిన పాస్‌పోర్టు కార్డును సరిహద్దు వద్ద కొన్ని మీటర్ల దూరం నుంచే చదవవచ్చు. అందులో ఉండేది ఒక సంఖ్య మాత్రమే. వివరాలు ప్రభుత్వ డేటాబేస్‌లో ఉంటాయి.

కేవలం సంఖ్యే కనుక ప్రమాదం లేదనడం అసంపూర్ణ వాదన. మారని సంఖ్యను పలుచోట్ల చదవగలిగితే, పేరు తెలియకున్నా వ్యక్తి కదలికలు తెలుస్తాయి. ఆ కార్డుకు రక్షణ కవరు ఇవ్వడానికి కారణమిదే.

18 ఏళ్లు నిండిన విదేశీయులు తమ రిజిస్ట్రేషన్ పత్రాన్ని ఎల్లవేళలా వెంట ఉంచుకోవాలని 1952 నాటి వలస చట్టం ఆదేశిస్తుంది. గ్రీన్‌కార్డు పొందిన తెలుగువారికీ ఇది వర్తిస్తుంది. పత్రం అసలుదో నకిలీదో తేల్చడానికి చిప్ తోడ్పడుతుంది. ఎవరిని, ఎక్కడ, ఏ కారణంతో ఆపి పత్రం అడగాలో నిర్ణయించేది మాత్రం అధికారి. ఆ విచక్షణకు హద్దులు గీయవలసింది చట్టమే.