పాత బండికి ‘వీఏ’ వింటేజ్ నంబర్ ప్లేట్: తీసుకునే ముందు ఈ లెక్క చూడండి

ఈసారి ఫోన్ కాదు, బండి గురించి మాట్లాడుకుందాం. మాది సూర్యాపేట పక్కనే చివ్వెంల. మా ఇంటి రేకుల షెడ్డులో రాజ్‌దూత్ 175 ఒకటి ఉంది. 1973లో తాత కొన్నాడు. ఆర్సీ ఇప్పటికీ ఆయన పేరు మీదే ఉంది. పాత మూడక్షరాల నంబర్, కిక్ కొడితే నాలుగోసారికి స్టార్ట్ అవుతుంది.

ఆర్సీ గడువు ఇంకో రెండు నెలల్లో అయిపోతోందని తెలిసి, తెలిసిన ఒక ఏజెంట్‌ను కలిశా. “రెన్యువల్ ఎందుకు తమ్ముడూ, యాభై ఏండ్లు దాటింది కదా, వింటేజ్ చేపిద్దాం. వీఏ ప్లేట్ వస్తది, లైఫ్‌లో టెన్షన్ ఉండదు” అన్నాడు. నిజం చెప్పాలంటే నేను పడిపోయా. ఇంటికొచ్చి తాతకు చెప్తే ఆయన ఒక్కటే అడిగాడు. “మంచిదేరా, గా ప్లేట్ పెట్టినంక నేను దీని మీద పొలం కాడికి పోవచ్చా?”

నా దగ్గర ఆన్సర్ లేదు. అందుకే కూర్చుని రూల్స్ మొత్తం చదివా. అందులో తెలిసిందే ఇక్కడ రాస్తున్నా.

అసలు వింటేజ్ బండి అంటే ఏంటి?

మన దేశంలో వింటేజ్ వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ 2021లోనే వచ్చింది. కేంద్ర రవాణా శాఖ ఆ ఏడాది జూలైలో సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్‌ను సవరించి దీన్ని చేర్చింది. దాని ప్రకారం బండి వింటేజ్ కావాలంటే:

• మొదటి రిజిస్ట్రేషన్ జరిగిన రోజు నుంచి 50 ఏళ్లు దాటాలి. తయారైన ఏడాది కాదు, రిజిస్ట్రేషన్ తేదీ లెక్క. బయటి దేశం నుంచి తెచ్చిన బండికీ ఇదే రూల్.
• టూ వీలర్ గానీ, ఫోర్ వీలర్ గానీ అయి ఉండాలి. సొంత వాడకానిదే కావాలి, కమర్షియల్ బండ్లకు లేదు.
• ఒరిజినల్ రూపంలో ఉండాలి. ఛాసిస్, బాడీ షెల్, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు.

అంటే 1972లో వచ్చిన మొదటి బజాజ్ చేతక్‌లు ఇప్పుడు క్వాలిఫై అవుతాయి. ఆర్‌ఎక్స్ 100 ఫ్యాన్స్‌కు మాత్రం బ్యాడ్ న్యూస్. ఆ బండి మార్కెట్లోకి వచ్చిందే 1985లో, కాబట్టి మొట్టమొదటి పీస్‌కు కూడా 2035 దాకా ఆగాల్సిందే. మొదటి మారుతి 800 తాళాలు ఇచ్చింది 1983 డిసెంబర్ 14న. దాని లెక్క 2033లో తీరుతుంది.

నంబర్ ఎలా ఉంటుంది?

కొత్తగా వింటేజ్ నంబర్ ఇస్తే పద్ధతి ఇది: మొదట రాష్ట్రం కోడ్, తర్వాత ‘వీఏ’, తర్వాత రెండు అక్షరాల సిరీస్, చివర 0001 నుంచి 9999 లోపు ఒక నంబర్. మన దగ్గరైతే ‘టీజీ వీఏ ఏఏ 0001’ లాంటి రూపం అన్నమాట.

ఏజెంట్ చెప్పనిది ఇక్కడే ఉంది. ఇప్పటికే రిజిస్టర్ అయి ఉన్న బండి వింటేజ్ కింద చేరినా, తన పాత నంబర్‌నే ఉంచుకోవచ్చు. వీఏ సిరీస్ కొత్తగా రిజిస్ట్రేషన్ చేసుకునే వాటికి. మా రాజ్‌దూత్‌కు ఆర్సీ ఉంది, నంబర్ ఉంది. కాబట్టి వీఏ ప్లేట్ అవసరమే లేదు.

నంబర్ అంటే అంత ముచ్చటేంటి అంటారా? ఒకసారి చివ్వెంల దగ్గర 65వ నంబర్ హైవే పక్కన నిలబడి చూడండి. మన జిల్లా కథ మొత్తం ప్లేట్ల మీదే కనిపిస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో నల్గొండ బండ్లు ఏపీ 24. 2014లో తెలంగాణ వచ్చాక టీఎస్ 05. 2016లో సూర్యాపేట జిల్లా అయ్యాక టీఎస్ 29. 2024 మార్చి నుంచి టీజీ 29. 1989లో కొత్త మోటారు వాహనాల చట్టం అమల్లోకి రాకముందు నడిచింది మూడక్షరాల సిరీస్. తాత నంబర్ ఆ కాలానిది. అది పోతే మళ్లీ రాదు.

ప్రాసెస్, ఫీజు

పరివాహన్ పోర్టల్‌లో ఫారం 20 నింపాలి. ఇన్సూరెన్స్ పాలసీ, ఫీజు, పాత ఆర్సీ కావాలి. ఇంపోర్టెడ్ బండి అయితే బిల్ ఆఫ్ ఎంట్రీ పెట్టాలి. అన్నీ సరిగ్గా ఉంటే 60 రోజుల్లో ఫారం 23ఏలో ఆర్సీ ఇవ్వాలి. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు రూ.20,000, గడువు 10 ఏళ్లు. తర్వాత మళ్లీ చేయించుకోవడానికి రూ.5,000. అంటే ‘లైఫ్‌లో టెన్షన్ ఉండదు’ అన్నది కూడా నిజం కాదు. అమ్మడం, కొనడం కుదురుతుంది, 90 రోజుల్లోపు రవాణా శాఖకు తెలపాలి.

అసలు మెలిక ఇదీ

వింటేజ్‌గా రిజిస్టర్ అయిన బండిని రోజువారీ పనులకు రోడ్డు మీద నడపకూడదు. ప్రదర్శనలు, వింటేజ్ ర్యాలీలు, టెక్నికల్ రీసెర్చ్, పెట్రోల్ పోయించుకోవడం, మెయింటెనెన్స్, వీటికి వెళ్లి రావడం వరకే పర్మిషన్.

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి నిజాం పసుపు రంగు రోల్స్ రాయిస్ చూశారా? అద్దాల వెనుక ఉండి, ఎప్పుడో ఒకసారి బయటికొచ్చే అలాంటి బండ్లకు ఈ రూల్ సరిగ్గా సెట్ అవుతుంది. రోజూ పొద్దున పొలానికి పోయే రాజ్‌దూత్‌కు కాదు. తాత అడిగిన దానికి ఆన్సర్: పోకూడదు.

రెండో దారి: మామూలు రెన్యువల్

ప్రైవేట్ బండికి 15 ఏళ్ల తర్వాత ఆర్సీని ఐదేళ్లకోసారి రెన్యువల్ చేసుకోవచ్చు. ఫారం 25 పెట్టాలి, బండిని ఇన్‌స్పెక్షన్‌కు తీసుకెళ్లాలి. నంబర్ మారదు, ఎక్కడికైనా నడుపుకోవచ్చు. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన బండ్లకు ఫీజు పెంచారు: బైక్‌కు రూ.2,000, కారుకు రూ.10,000. జీఎస్టీ, గ్రీన్ ట్యాక్స్ వేరే.

ఇప్పుడు పదేళ్లకు లెక్క వేద్దాం.

• బైక్: రెన్యువల్ రెండుసార్లు రూ.4,000. వింటేజ్ రూ.20,000.
• కారు: రెన్యువల్ రెండుసార్లు రూ.20,000. వింటేజ్ కూడా రూ.20,000.

బైక్ ఉన్నవాళ్లు ఐదింతలు కట్టి, నడిపే హక్కు వదులుకున్నట్టు. కారు ఉన్నవాళ్లకు ఫీజు సమానం, కాబట్టి నడుపుతారా లేక షెడ్డులోనే ఉంచుతారా అన్నదే తేల్చుకోవాలి.

ఒక్క కేసులో లెక్క తిరగబడుతుంది. రెన్యువల్ ఆలస్యమైతే బైక్‌కు నెలకు రూ.300, మిగతా ప్రైవేట్ బండ్లకు నెలకు రూ.500 అదనం. ఐదేళ్లు మరిచిపోయిన బైక్‌కు అదే రూ.18,000 అవుతుంది. మీ బండి అలా ఉంటే, ఎంత కట్టాలో ఆర్టీఏ ఆఫీస్‌లో రాతపూర్వకంగా తెలుసుకుని అప్పుడు డిసైడ్ అవ్వండి.

ఈ తప్పులు చేయకండి

ఇంజిన్ స్వాప్: “పాతది తీసేసి వేరే ఇంజిన్ ఎక్కిద్దాం” అని మా మెకానిక్ కూడా అన్నాడు. అలా చేస్తే వింటేజ్ అర్హత పోయినట్టే. ఈవీ కిట్ పెట్టినా అంతే. మామూలు ఆర్సీకి కూడా, కంపెనీ ఇచ్చిన స్పెక్స్‌ను ఇష్టమొచ్చినట్టు మార్చడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కుదరదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది.

నల్ల ప్లేట్: రెట్రో లుక్ కోసం నల్ల ప్లేట్ మీద తెల్ల అక్షరాలు రాయిస్తున్నారు. ఒకప్పుడు అదే రూల్, ఇప్పుడు ప్రైవేట్ బండికి తెల్ల ప్లేట్ మీద నల్ల అక్షరాలు. నల్ల ప్లేట్ మీద పసుపు అక్షరాలు ఉంటే అది సెల్ఫ్ డ్రైవ్ అద్దె కారు.

హై సెక్యూరిటీ ప్లేట్: ఇది ఉత్త రేకు కాదు. అల్యూమినియం ప్లేట్ మీద క్రోమియం హోలోగ్రామ్, లేజర్‌తో చెక్కిన సీరియల్ నంబర్, ఒకసారి బిగిస్తే విరగ్గొడితే తప్ప రాని స్నాప్ లాక్ ఉంటాయి. రోడ్డు పక్కన చేసిచ్చే డూప్లికేట్‌లో ‘ఐఎన్‌డీ’ అని ఉంటుంది గానీ ఆ సీరియల్ నంబర్ రికార్డుల్లో ఉండదు.

పాత రికార్డు: మూడక్షరాల నంబర్ల వివరాలు రిజిస్టర్ పుస్తకాల్లో రాసినవి. మీ బండి ఆన్‌లైన్‌లో కనిపిస్తోందో లేదో ముందే చూసుకోండి. లేకపోతే ఒరిజినల్ ఆర్సీతో ఆఫీస్‌కు వెళ్లి ఎక్కించుకోవాలి. ఓనర్ చనిపోయి ఉంటే ముందు ఫారం 31తో పేరు మార్పించాలి.

నేనేం చేశా?

ఏజెంట్‌కు వద్దని చెప్పా. ఫారం 25 నింపా, ఇన్సూరెన్స్ కట్టా, కొత్త క్లచ్ ప్లేట్లు వేయించా. ఒరిజినల్ ఇంజిన్ అలాగే ఉంచా. రేపు బండి నా చేతికొచ్చి, నడపడం మానేసి ర్యాలీలకే తీసే రోజు వస్తే అప్పుడు వింటేజ్ గురించి ఆలోచిస్తా. పాత నంబర్ అప్పటికీ మాదే.

తాతకు లెక్క మొత్తం చెప్తే రూ.16,000 మిగిలిన సంగతి పట్టించుకోలేదు. “అంటే రేపు పొద్దుగాల పోవచ్చు గదా” అని తాళంచెవి అడిగాడు.

మీ ఇంట్లో కూడా తాతల నాటి బండి ఉంటే ముందు ఆర్సీ తీసి రెండు తేదీలు చూడండి: మొదటి రిజిస్ట్రేషన్ ఎప్పుడు, గడువు ఎప్పటిదాకా. ప్లేట్ సంగతి ఆ తర్వాత.